జుట్టునుగూర్చి పుస్తకము వ్రాసిన చక్రవర్తి



లేవీయకాండము 13వ అధ్యాయము మన ఆరాధనలలో ప్రసంగాంశముగా తీసికొనుట అరుదు. పొక్కును, నిగనిగలాడు మచ్చను, పుండును యాజకుడు ఎట్లు పరీక్షింపవలెనో, ఎన్ని దినములు మనిషిని కడగా ఉంచవలెనో అందులో వివరముగా నున్నది. గట్టిగా చదువుచుండగా వెనుక వరుసలలోనివారికి కునుకు వచ్చును. కాని ఆ అధ్యాయపు నడిమిలో 40, 41 వచనములలో చిన్న సంగతి ఒకటి యున్నది. నడినెత్తిని గాని నొసటి మీద గాని జుట్టు రాలిపోయినవాడు యాజకుని యొద్దకు వచ్చినయెడల, అది వట్టి బట్టతల యనియు, అతనియందు అపవిత్రత ఏమియు లేదనియు ఎంచవలెను. అందరిని అనుమానముతో చూచు ఆ పెద్ద అధ్యాయములో బట్టతలవానిని మాత్రము రెండు వచనములలో ఇంటికి పంపివేసిరి.

ఈ వచనములను నేను వెదకుటకు ఒక కారణమున్నది. అది నాకు గౌరవము తెచ్చునది కాకపోయినను చెప్పెదను.

మా సంఘములో ఇరువదిమూడేండ్ల అబ్బాయి యున్నాడు. డిగ్రీ చదివినాడు, పొలము పని కూడ ఎరిగినవాడు. ఇరువది నిండగానే నుదుటికి రెండు వైపుల జుట్టు వెనుకకు పోసాగెను. రెండేండ్లలో నడినెత్తి కనబడెను. అప్పటినుండి తలకు తువ్వాలు చుట్టుకొనుట మొదలుపెట్టెను. ఎండలో కట్టుకొన్నాడని మేమనుకొంటిమి. ఒక శనివారము యౌవనస్థుల కూటములో 2 రాజులు 2వ అధ్యాయము చదువుచుంటిమి. బేతేలు దారిలో కుర్రవాండ్రు ఎలీషాను బోడివాడని ఎగతాళి చేసిన చోటికి రాగానే, ఎవరో ఈ అబ్బాయి వైపు చూచి మన ఎలీషాగారు ఇక్కడనే యున్నారనిరి. అందరు నవ్విరి. నేనును నవ్వితిని.

మరుసటి ఆదివారము అతడు రాలేదు. తరువాతి వారము వచ్చి వరండాలో కూర్చుండెను, తలకు తువ్వాలుతో. మన పెద్దలలో ఒకరు 1 కొరింథీయులు 11వ అధ్యాయమును తలంచుకొని, ప్రార్థనవేళ పురుషుడు తల కప్పుకొనరాదని చెప్పి తీయుమనిరి. లేచి వెళ్ళిపోయెను. మూడు నెలలు గుడి మెట్లెక్కలేదు. తరువాత అతని తల్లి నాయొద్దకు వచ్చి, రెండు సంబంధములవారు ఫోటో చూచి మరల కబురు పంపలేదనియు, కూలి డబ్బులు నూనెలకు పోయుచున్నాడనియు, రాత్రివేళ దుప్పటి కప్పుకొని ఫోనులో తన తలను తానే ఫోటో తీసికొని చూచుకొనుచున్నాడనియు చెప్పెను. అప్పుడు గాని నా నవ్వు ఎంత దూరము పోయినదో నాకు తెలియలేదు.

నేను వారి ఇంటికి వెళ్ళి ముందు క్షమాపణ అడిగితిని. ఆ తరువాత ఏమి చెప్పవలెనో తోచక, సెమినరీలో సంఘ చరిత్ర చదువుకొన్న దినములలో నా మనస్సున నాటుకొన్న ఒక చక్రవర్తి కథ చెప్పితిని. అతడు మంచివాడు కాడు. అయినను ఆ అబ్బాయికి పనికివచ్చిన కథ అతనిదే. ఇంకెవరి ఇంటనైన ఇట్టి తువ్వాలు ఉండవచ్చునని తలంచి ఇక్కడ కొంచెము విపులముగా వ్రాయుచున్నాను.

అతని పేరు డొమిషియను. ప్రకటన గ్రంథము వ్రాయబడినది అతని యేలుబడి చివరి దినములలోనని రెండవ శతాబ్దపు సంఘపెద్ద ఇరేనియసు చెప్పెను. యోహాను పత్మాసు ద్వీపమునకు పంపబడినది కూడ అతని కాలముననే యని సంఘ చరిత్రకారులు వ్రాసిరి. మనకు అతడు తెలిసినది ఇంతవరకే. కాని అతడును ఒకనాడు ఇరువదేండ్ల పడుచువాడు.

క్రీ.శ. 51 అక్టోబరు 24న రోమా పట్టణములో దానిమ్మ అను పేరుగల చోట ఒక ఇంటిలో పుట్టెను. వారు పూర్వమునుండి రాజవంశపువారు కారు. తండ్రి వెస్పాసియను సబీను పల్లెపట్టు మనిషి. ఆఫ్రికాలో అధికారిగా పని చేసి వచ్చిన తరువాత అప్పులపాలై, కంచరగాడిదల బేరము చేసినందున జనులు అతనికి గాడిదలవాడని పేరు పెట్టిరి. యూదులు తిరుగబడినప్పుడు నీరో అతనిని సేనాధిపతిగా పంపెను. పెద్ద కుమారుడు టైటస్ తండ్రితో కూడ పోయెను. ఈ పేరును మన బైబిలులోని తీతు పేరును ఒకటేగాని మనుష్యులు వేరు. చిన్నవాడైన డొమిషియను రోమాలోనే మిగిలెను. తల్లియు తోబుట్టువైన ఆడపిల్లయు తండ్రి చక్రవర్తి కాకమునుపే చనిపోయిరి.

నీరో చచ్చిన తరువాత ఒక్క యేడాదిలో సింహాసనముకొరకు నలుగురు పోరాడిరి. 69వ సంవత్సరము డిసెంబరులో వెస్పాసియను శత్రువులు రోమాలోని కాపిటోలు కొండను చుట్టుముట్టి గుడికి నిప్పంటుకొనునట్లు పోరాడిరి. పెదనాన్నయైన సబీనస్ పట్టుబడి చంపబడెను. పదునెనిమిదేండ్ల డొమిషియను గుడి కావలివాని యింట ఆ రాత్రి దాగి, తెల్లవారిన తరువాత ఐసిస్ దేవత భక్తుని వేషము వేసికొని జనములో కలిసి తప్పించుకొనెను. కొద్ది దినములకే అతడు చక్రవర్తి కుమారుడాయెను. ప్రాణము అరచేత పట్టుకొని దాగిన రాత్రి ఒక పడుచువాని మనస్సులో ఎంత లోతుకు దిగునో ఆలోచింపుడి. నా మట్టుకు, అతని తరువాతి భయములన్నిటి వేరు అక్కడనే యున్నదని తోచుచున్నది.

70వ సంవత్సరములో టైటస్ యెరూషలేమును పట్టుకొని దేవాలయమును పాడుచేసెను. 71లో జయోత్సవము జరిగినప్పుడు తండ్రియు అన్నయు రథములమీద పోవుచుండగా డొమిషియను తెల్లని గుఱ్ఱమెక్కి వెంట సాగెను. చూచుటకు చక్కగానే యుండెను. అయితే అటుతరువాత పదేండ్లు అతని బ్రదుకు అట్లే వెంట సాగుటయే. పేరుకు పదవులు ఇచ్చిరి గాని చేయుటకు పని ఇయ్యలేదు. యుద్ధమునకు పోయెదనని అడిగిన పోనియ్యలేదు. అన్న యుద్ధము గెలిచినవాడు, జనులకు ఇష్టుడు. తమ్ముడు ఇంట కూర్చుండి పద్యములు వ్రాసికొనుచుండెను. మన ఇండ్లలోను ఇట్టి తమ్ముండ్రు ఉన్నారు.

ఇక అతని రూపమునుగూర్చి. కొంతకాలమునకు చక్రవర్తుల చరిత్రలు వ్రాసిన స్యూటోనియసు అను రోమా పండితుడు దీనిని జాగ్రత్తగా వర్ణించెను. డొమిషియను పొడగరి. ముఖము వినయముగా కనబడును, త్వరగా ఎఱ్ఱబడును. కన్నులు పెద్దవి గాని చూపు మందము. పడుచుతనములో అంగసౌష్ఠవము గలవాడే. కాలి వ్రేళ్ళు మాత్రము కొంచెము ముడుచుకొని యుండెనట. తరువాత జుట్టు పోయెను, పొట్ట పెరిగెను, దీర్ఘమైన జబ్బువలన పిక్కలు సన్నగిల్లెను. కాలివ్రేళ్ళనుకూడ విడువక వ్రాసిరి! గొప్పవానిగా ఉండుటలోని కష్టము ఇదియే కాబోలు.

జుట్టు ఊడుట అతనికి ముసలితనములో రాలేదు. యౌవనముననే వచ్చెను. దాని విషయమై అతడు ఒక చిన్న పుస్తకమే వ్రాసి ప్రకటించెను, జుట్టు సంరక్షణమునుగూర్చినది. తనవలెనే బట్టతలగల ఒక మిత్రునికి దానిని అంకితమిచ్చెను. పుస్తకము మనవరకు రాలేదు. ఒకటి రెండు వాక్యముల సారము మాత్రము స్యూటోనియసు భద్రపరచెను. హోమరు కావ్యములోని వీరునివలె తానును ఒడ్డు పొడుగు గలవాడనేయనియు, అయినను మిత్రుని జుట్టుకు పట్టిన గతియే తన జుట్టుకును పట్టినదనియు, తాను పడుచువాడై యుండగా జుట్టు ముసలిదగుటను ధైర్యముతో సహించుచున్నాననియు, అందము ఎంత ప్రియమైనదో అంత కొద్దికాలపుదనియు అతడు వ్రాసినట్లు తెలియుచున్నది.

మంచి ఓదార్పే. నేను ఆ అబ్బాయికి చెప్పదలచినను ఇంతకు మించి చెప్పగలనా యని అనుమానమే. బాధలోనున్న స్నేహితునితో, నేనును అదే బాధలోనున్నాననుట ఎవరికైనను చల్లని మాట.

కాని అదే స్యూటోనియసు మరియొక సంగతి కూడ వ్రాసెను. తన యెదుట మరి యెవరినైనను బట్టతలవాడని హాస్యముగా గాని కోపముగా గాని ఎవరైన అన్నయెడల, డొమిషియను ఆ మాట తన్నే అన్నట్లు తీసికొని మండిపడెడివాడు. కాగితముమీద సహించినాడు గాని కడుపులో సహింపలేదు. దీనికి అతనిని నేను నిందింపజాలను. ఓర్పునుగూర్చి ఆదివారము ప్రసంగించి సోమవారము పాలేరుమీద కేకలు వేసినవాడను నేను.

అతని కాలపు నాణెములమీద, విగ్రహములమీద బట్టతల కనబడదు. కెరటములవలె వరుసగా నుదుటిమీదికి దువ్విన నిండు జుట్టు, దానిపైన ఆకుల కిరీటము. శిల్పులకు ఏది ఇష్టమో తెలియును. అతనికి నూరేండ్లకు పైగా మునుపు జూలియస్ సీజరు కూడ వెనుకనున్న జుట్టును ముందుకు దువ్వుకొనెడివాడు. సభవారు ఇచ్చిన గౌరవములన్నిటిలో ఎల్లప్పుడు ఆకుల కిరీటము పెట్టుకొను అధికారమే అతనికి మిక్కిలి ఇష్టమట. ఓథో అను చక్రవర్తి తలకు సరిగా అతుకునట్లు చేయించిన టోపాజుట్టు పెట్టుకొనెను. రోమావారి నాణెములు మన దేశమునకు కూడ వచ్చినవి. నల్లగొండ జిల్లాలో త్రవ్వినప్పుడు ఔగుస్తు, తిబెరి కైసరుల ముద్రగల వెండి నాణెములు దొరికినవి. నాణెము ఎంత దూరము పోవునో రాజు ముఖము అంత దూరము పోవును. ఫోటో పంపుట అన్నది ఈనాటి సంగతి మాత్రమే కాదు.

ఇక్కడ ఒక విచిత్రము చూడుడి. తండ్రి వెస్పాసియను కూడ బట్టతలవాడే. అతడును చక్రవర్తియే, అతనికిని శిల్పులుండిరి. అతని విగ్రహములు ఇప్పటికిని ఉన్నవి. ముడుతలు, దవడ, జుట్టులేని తల, ఉన్నది ఉన్నట్లు చెక్కించుకొనెను. తనమీద తానే హాస్యములాడుకొనెడివాడు. మరణశయ్యమీద కూడ ఒక హాస్యము ఆడెనందురు. ఒకే ఇల్లు, ఒకే రక్తము, ఒకే తల. తండ్రి గాడిదలు తోలి, అప్పులు తీర్చి, అరువదేండ్లకు రాజైనవాడు. కుమారుడు పదునెనిమిదేండ్లకే రాజకుమారుడై, పని లేక అద్దము ముందర కూర్చుండినవాడు. భేదము అక్కడనే కలిగినదేమో.

ఆ కాలపువారు దీనికి మందులు వెదకక పోలేదు. టైటస్‌కు అంకితముగా 77వ సంవత్సరములో తన మహాగ్రంథమును సమర్పించిన ప్లీనీ, జుట్టు ఊడినచోట ఎలుక పెంటికలు, ఎలుగుబంటి కొవ్వు పూయుమని విన్న మందులన్నిటిని పట్టీ వ్రాసెను. మార్షలు అను కవి తైలముతో నెత్తిమీద జుట్టు గీయించుకొన్నవానిని వెక్కిరించెను. ఆ కవి డొమిషియను దయమీద బ్రదికినవాడు. ఆ పద్యములు చదివినప్పుడు చక్రవర్తి ముఖము ఎట్లుండెనో! మన తిరునాళ్ళలో సీసాలలో అమ్ము నూనెలు ఆ ఎలుక పెంటికలకంటె సువాసన గలవి గాని ఎక్కువ శక్తిగలవని నాకు తోచదు.

నేను ఒక చర్మవైద్యుని అడిగి తెలిసికొన్నదియు చెప్పెదను. పడుచువారికి నుదుటి రెండు వైపులనుండియు నడినెత్తినుండియు వరుసగా పలుచబడు బట్టతల వంశమువలన వచ్చునది. తండ్రివైపునుండియు తల్లివైపునుండియు రావచ్చును. పురుషుల దేహములో సహజముగానుండు ఒక హార్మోనుకు కొందరి వెండ్రుకల కుదుళ్ళు లొంగి, ఏటేట సన్నబడి, చివరకు నూగువంటి వెండ్రుకను మాత్రమే పుట్టించును. తువ్వాలు కట్టుటవలన గాని, బోరునీటివలన గాని, చేసిన పాపమువలన గాని ఇది రాదు. యాబదియేండ్ల వయస్సునకు సుమారు సగముమంది పురుషులకు ఎంతో కొంత వచ్చును. మినాక్సిడిల్ అను పూతమందు, ఫినాస్టెరైడ్ అను మాత్ర కొందరికి పనిచేయును. మానివేసినయెడల నిలిచిన జుట్టు మరల పోవును. మాత్రకు కొందరిలో దాంపత్య విషయమైన ఇబ్బందులు, మనస్సు క్రుంగుట వంటివి కలుగవచ్చును గనుక వైద్యుని అడుగక వాడరాదు. ఒక్క చోట గుండ్రముగా ఊడు పేనుకొరుకుడు వేరు. దురదతో పొలుసులు రాలుచు ఊడుట వేరు. జ్వరము తరువాత ఒక్కసారిగా రాలుట వేరు. వీటికి చికిత్సలు వేరువేరుగా నున్నవి. ఏదియో తెలిసికొనకుండ నూనెకు డబ్బు పోయుట వ్యర్థము.

తిరిగి చక్రవర్తి యొద్దకు వత్తము. 79లో తండ్రి పోయెను. టైటస్ రెండేండ్లు ఏలి 81 సెప్టెంబరు 13న మరణించెను. మరునాడు డొమిషియను చక్రవర్తి యాయెను. ముప్పదియేండ్లు నిండుటకు నెల దినములకు పైగా ఉండెను. ఏలుబడి మొదట్లో ప్రతిదినము కొంతసేపు ఒంటరిగా గదిలో కూర్చుండి, ఈగలను పట్టి వ్రాతకలముతో పొడుచుచుండెనట. లోపల చక్రవర్తితో ఎవరైన ఉన్నారా యని ఒకరడుగగా, ఈగ కూడ లేదని ఒక సభాసదుడు చమత్కరించెను.

అయినను పాలనలో అతడు చేతకానివాడు కాడు. న్యాయము న్యాయముగా చెప్పవలయునది. 80వ సంవత్సరపు అగ్నిలో కాలిన రోమాను మరల కట్టించెను. కాలిపోయిన గ్రంథాలయములకు పుస్తకములు సమకూర్చుటకు లేఖకులను అలెక్సంద్రియకు పంపి నకళ్ళు వ్రాయించెను. సైనికుల జీతము మూడవ వంతు పెంచెను. బాలురను నపుంసకులుగా చేయుటను నిషేధించెను. దేశాధికారులు అతని కాలములో ఉన్నంత నిజాయితీగా తరువాత లేరని, అతనిని ద్వేషించిన స్యూటోనియసే ఒప్పుకొనెను.

అయితే తన్ను ప్రభువనియు దేవుడనియు పిలిపించుకొనుట అతనికి ఇష్టమాయెను. యోహాను సువార్త 20వ అధ్యాయములో తోమా లేచిన క్రీస్తును ఏ రెండు పేర్లతో పిలిచెనో అవియే పేర్లు. 89లో సాటర్నైనసు అను సేనాని జర్మనీ సరిహద్దున తిరుగబడిన తరువాత అనుమానము పెరిగెను. సభాసదులను చంపించెను. తన పెదనాన్న మనుమడును 95లో కాన్సలుగా పనిచేసినవాడునైన ఫ్లేవియస్ క్లెమెన్సును కూడ, దేవతలను విడిచి యూదుల ఆచారములలో కలిసినాడన్న నేరముమీద చంపించి, భార్యయైన డొమిటిల్లాను ద్వీపమునకు పంపివేసెను. సంఘ చరిత్రకారుడైన యూసీబియసు డొమిటిల్లా అను పేరుగల స్త్రీ క్రీస్తునుబట్టియే ద్వీపాంతరము పోయెనని వ్రాసెను. దేశమంతట క్రైస్తవులను వేటాడించెనని వెనుకటి పుస్తకములలో ఉన్నది గాని, నేటి చరిత్రకారులు అంత విస్తారమైన హింసకు ఆధారములు తక్కువ యందురు. కొన్ని చోట్ల కొందరు బాధపడిరనుట మట్టుకు చాలును.

ఈ చక్రవర్తి యెదుట ఒకనాడు ఇద్దరు రైతులు నిలువబడిరి. ఈ కథ రెండవ శతాబ్దపు హెగెసిప్పసు వ్రాయగా యూసీబియసు తన చరిత్రలో చేర్చెను. వారు ప్రభువు సహోదరుడని పిలువబడిన యూదా యొక్క మనుమలు. దావీదు వంశమువారని, రాజ్యము కోరుదురని ఎవరో కొండెములు చెప్పగా పట్టి తెచ్చిరి. చక్రవర్తి వారిని, మీరు దావీదు వంశమువారా, మీకు ఆస్తి ఎంత యున్నదని అడిగెను. ఇద్దరికి కలిపి తొమ్మిదివేల దేనారములు, చెరిసగమనిరి. అదియు రొక్కము కాదు, 39 ప్లెత్రముల పొలము విలువ. దానిని తామే దున్నుకొని పన్ను కట్టి బ్రదుకుచున్నామనిరి. రుజువు ఏమనగా, చేతులు చాపి చూపిరి. కాయలు కాచిన అరచేతులు, పనికి మొద్దుబారిన ఒళ్ళు. క్రీస్తు రాజ్యమునుగూర్చి అడుగగా అది ఈ లోకపుది కాదని చెప్పిరి. చక్రవర్తి వారిని చులకనగా చూచి, వీరివలన భయము లేదని పంపివేసెను.

చదువరులారా, ఆ ఘడియను నేను అనేకమార్లు మనస్సులో చూచుకొన్నాను. సభ మధ్య ఒకడు తన దేహమునుగూర్చి ఎవరైన ఏమైన అందురేమోయని జీవితకాలము భయపడినవాడు. వాని యెదుట ఇద్దరు తమ దేహమునే సాక్ష్యముగా చాపినవారు. చేతులు చూపుటకు వారికి సిగ్గు లేకపోయెను. ఆ చేతులే వారి ప్రాణములు కాపాడెను. చెరకు నరికి, పొగాకు కొట్టి, మిరప కోసి కాయలు కాచిన చేతులను ప్రభువు బల్లయొద్ద రొట్టెకొరకు చాపుటకు సిగ్గుపడువారిని మన సంఘములో చూచియున్నాను గనుక ఈ మాట వ్రాయుచున్నాను.

చివరి దినములలో చక్రవర్తి నడయాడు వసారాల గోడలకు మెరయు చలువరాతి పలకలు అతికించుకొనెను. వెనుకనుండి ఎవరైన కత్తితో వచ్చినయెడల నీడ కనబడవలెనని. తన రూపము చూచుకొనుటకు బాధపడినవాడు, ఎటు తిరిగినను తన రూపమే కనబడు చోట నడువవలసివచ్చెను. ప్రాణభయము అంతపని చేయించెను.

అదియు కాపాడలేదు. 96 సెప్టెంబరు 18న, ఐదవ గంట తనకు కీడని భయపడుచున్న చక్రవర్తి వేళ ఎంతయని అడుగగా, కుట్రలోనివారు కావలెనని ఆరవ గంటయనిరి. గండము గడచెనని సంతోషించి గదిలోనికి పోయెను. డొమిటిల్లా ఇంటి గృహనిర్వాహకుడైన స్టెఫానసు అను వాడు ఎడమచేతికి దెబ్బ తగిలినట్లు కొన్ని దినములనుండి కట్టు కట్టుకొని తిరుగుచుండెను. ఆ కట్టులో కత్తి యుండెను. కుట్రనుగూర్చిన కాగితము అందించి, అతడు చదువుచుండగా పొడిచెను. మిగిలినవారు వచ్చి పని ముగించిరి. అప్పటికి అతనికి నలుబదినాలుగేండ్లు.

శవమును బీదవాండ్ర పాడెమీద కూలివాండ్రు మోసిరి. ఎత్తుకొని పెంచిన దాది, ఫిల్లిసు అను ఆమె, పట్టణము వెలుపలి తన తోటలో దహనము చేయించి, బూడిదను రహస్యముగా ఆ వంశపు గుడికి తీసికొనిపోయి, తాను పెంచిన మరియొక బిడ్డయైన టైటస్ కుమార్తె జూలియా బూడిదతో కలిపెను. ఈ కథ అంతటిలో ఆ ఒక్కతె అతనిని తలనుబట్టి గాని కిరీటమునుబట్టి గాని ఎంచక ప్రేమించినదని నాకు తోచును. సమూయేలు మొదటి గ్రంథము 16వ అధ్యాయములో దేవుడు చూచు చూపును మనుష్యులు చూచు చూపును వేరని మనము చదువుదుము. ఆ దాది చూపు మొదటిదానికి దగ్గర.

సభవారు నిచ్చెనలు తెప్పించి అతని విగ్రహములను పడగొట్టిరి. శాసనములలో పేరు చెక్కివేసిరి. కొంతకాలమునకు జువెనలు అను కవి అతనిని బట్టతల నీరోయని పేరు పెట్టెను. బ్రదికియుండగా ఎవరును నోరెత్తలేని మాట అతని పేరుకే అతుకుకొనెను. కొన్ని విగ్రహములను వృథా చేయుట యెందుకని ముఖము మట్టుకు తిరిగి చెక్కి, తరువాత వచ్చిన నెర్వా చక్రవర్తిగా మార్చిరి. అట్టి తలలలో కొన్నిటియందు చెవుల వెనుక డొమిషియను కొరకు చెక్కిన జుట్టు ఇప్పటికిని అట్లే మిగిలియున్నది.

ఇదంతయు ఆ అబ్బాయికి వారి పంచలో నులకమంచముమీద కూర్చుండి చెప్పితిని. నడుమ తల్లి మజ్జిగ తెచ్చి ఇచ్చెను. అతడు చాలసేపు ఏమియు అనలేదు. తరువాత, ఆ తండ్రి ఏ పుస్తకమును వ్రాయలేదా అయ్యగారూ అని అడిగెను. జుట్టునుగూర్చి వ్రాసినట్లు లేదంటిని. ఫోనులో వెస్పాసియను విగ్రహము వెదకి చూచెను. పెద్దది చేసి చూచెను. ఆ మీదట లేచి లోపలికి పోయి, గోడకున్న తన తండ్రి ఫోటో తీసికొనివచ్చి తువ్వాలు కొసతో అద్దము తుడిచి నా చేతికిచ్చెను. అతనికి తొమ్మిదేండ్లప్పుడు తండ్రి పోయెను. నేను ఆయనను ఎరుగను. ఆ తరువాతనే ఈ సంఘమునకు వచ్చితిని. ఫోటోలోని మనిషికి ముప్పదియేండ్లు దాటియుండవు. చంకన పిల్లవానిని ఎత్తుకొని నవ్వుచున్నాడు. నుదురు నడినెత్తివరకు పోయియున్నది.

ఈ నెల రెండవ ఆదివారము అతడు ఆరాధనకు వచ్చెను. లోపలనే కూర్చుండెను, నాలుగవ వరుసలో. తలకు తువ్వాలు ఉన్నది. ప్రార్థనవేళ పెద్దగారు ఒకసారి అటు చూచి, కన్నులు మూసికొనిరి.